తొమ్మిదేళ్ళ దవడలు

ఆ వీధిలోకి కొత్తగా అద్దెకు దిగిన ఒకాయన సంచీ పట్టుకుని వచ్చి, "పళ్ళక్క ఇల్లు ఇదేనా అమ్మా? పళ్ళు ఎలా ఇస్తున్నారు?" అని అడిగాడు. పళ్ళక్క వేళ్ళకంటిన మైనం గీరుకుంటూ, "పై వరసా, కింది వరసా?" అంది. ఆయన బిక్కమొహం వేసి, సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వీధంతా ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వింది.

ఆవిడ చేసేవి కట్టుడు పళ్ళు. ముగ్గురు పళ్ళ డాక్టర్లు రోగుల నోళ్ళలోంచి అచ్చులు తీసి పంపుతారు. వాటిలో ప్లాస్టరు పోసి దవడ తయారుచేసి, మైనం పరిచి, పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి, సరిచూసి, ఉడకబెట్టి, మెరుగుపెట్టి తిరిగి పంపుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, పని మళ్ళీ మొదటికొస్తుంది. చాలాకాలం ఒక పెద్ద ల్యాబులో జీతానికి చేసి, తొమ్మిదేళ్ళ కిందట ఇంటి వెనకగదిలో సొంతంగా మొదలుపెట్టింది. ఆవిడ చేసిన సెట్టు నోట్లో ఉన్నట్టే తెలియదని డాక్టర్లు మెచ్చుకునేవాళ్ళు. ఒప్పుకోనిది అత్తగారొక్కతే. కోడలు చేసిపెట్టిన పళ్ళు డబ్బాలో దాచుకుని, ఎవరైనా చుట్టాలొస్తేనే తొడుక్కునేది. "ఇంట్లోవాళ్ళ ముందు నాకు అందమెందుకే" అనేది.

పనిలో అంత నిక్కచ్చి మనిషి, సొంతపని మొదలుపెట్టిన నాటినుంచి పన్ను రిటర్న్ ఒక్కటీ వేయలేదు.

వేయకూడదనేం అనుకోలేదు. జీతానికి చేసినన్నాళ్ళూ ఆ బాధ ల్యాబు వాళ్ళే పడేవాళ్ళు. సొంతానికి వచ్చిన మొదటి ఏడు ఫారం తెచ్చుకుని, బల్ల తుడుచుకుని, మంచి పెన్ను చూసుకుని కూర్చుంది. మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది: యంత్రాలు కొన్న తేదీ, ధర, రసీదు నంబరు. మెరుగుపెట్టే మోటారు పాతది. ల్యాబు మూసేసుకుని పోతున్న ఒక పెద్దాయన దగ్గర చేతిలో డబ్బు పెట్టి మోసుకొచ్చింది. రసీదేమీ లేదు. ఆయన్ని అడిగి రాయించుకుందామనుకుంటే ఆయన ఊరు మారిపోయాడు. కనుక్కున్నాక రాద్దాంలే అని ఫారం పక్కన పెట్టింది. గడువు దాటిపోయింది.

ఆ వారంలోనే బస్సు డ్రైవరైన మొగుడు డ్యూటీకి పోతూ, బూటు తాడు కట్టుకుంటూ, తలెత్తకుండానే అడిగాడు. "నీ రిటర్న్ వేశావా?"

"వేసేశాను" అంది.

ఎందుకలా అందో ఆవిడకే తెలియదు. అప్పుడు వేయలేదంటే ఆయన ఒక మాట అని ఊరుకునేవాడు. మరుసటేడు వేద్దామంటే నిరుడుది లేదని బయటపడుతుంది. ఆ పై ఏడు రెండు లేవని బయటపడుతుంది. ఇలా ఏటికేడాదీ బరువు పెరిగిందే గానీ దించుకునే చోటు దొరకలేదు. నాలుగో ఏటినుంచి కవర్లు రావడం మొదలైంది. వాటిని తెరవకుండానే ఖాళీ ప్లాస్టరు డ్రమ్ములో వేసి, పైన గోనెసంచులు కప్పేది. కప్పాక చేతులు కడుక్కునేది. కాసేపటికి మళ్ళీ కడుక్కునేది.

అప్పటినుంచే ఆవిడకి కుదురు లేకుండా పోయింది. సినిమాకెళ్తే సగంలో లేచి బయట తిరిగొచ్చేది. పెళ్ళిళ్ళలో వెనక వరసలో, తలుపు పక్క కుర్చీ చూసుకునేది. గేటు చప్పుడైతే చేతిలో ఉన్నది జారిపడేది. "దీని కాళ్ళకి చక్రాలున్నాయి" అని అత్తగారు అనేది. పనిలో మాత్రం చెయ్యి వణికేది కాదు. అదొక్కటే ఆవిడకి ఊపిరాడే చోటు.

ఇలా నడుస్తుండగా ఒకనాడు పెద్ద డాక్టరమ్మ పిలిపించింది. ముగ్గురు డాక్టర్లలో ఎక్కువ పని ఇచ్చేది ఆవిడే.

"నీకో శుభవార్త" అంది డాక్టరమ్మ, చేతి తొడుగులు విప్పుతూ. "పెద్దాసుపత్రి వాళ్ళు పళ్ళ విభాగం మొత్తం నాకు అప్పగిస్తున్నారు. నెలకి అరవై సెట్లు. అన్నీ నీ చేతిమీదుగానే వెళ్ళాలి. నేను వేరే ఎవర్నీ నమ్మను."

"అరవయ్యే!" అంది పళ్ళక్క. మొహం విప్పారింది.

"నువ్వు పెద్దగా చేయాల్సింది కూడా ఏం లేదు. వాళ్ళకి నీ పేపర్లు కావాలట. మూడేళ్ళ పన్ను రిటర్న్‌ల నకళ్ళు పెడితే చాలు."

విప్పారిన మొహం అలాగే ఉండిపోయింది. "ఆలోచించుకుని చెప్తాను డాక్టరమ్మా" అంది.

"ఇందులో ఆలోచించడానికేముంది? ఎవరైనా ఎగిరి గంతేస్తారు."

"మోటారు పాతదండీ. అంత పని లాగదేమో" అని ఏదో గొణిగి, చెప్పులు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేసుకుని బయటపడింది. వీధి మలుపు తిరిగాకగానీ ఆ సంగతి తెలియలేదు.

రెండు వారాలు కాలు కాలిన పిల్లిలా తిరిగింది. డాక్టరమ్మ రెండుసార్లు ఫోను చేసింది. రెండుసార్లూ స్నానంలో ఉన్నానని అత్తగారి చేత చెప్పించింది. "ఇన్నిసార్లు స్నానం చేస్తే తోలు ఊడుతుందని చెప్పమంటావా?" అని అత్తగారు విసుక్కుంది. చివరికి ఒక మంగళవారం, దుకాణానికని చెప్పి, పన్ను ఆఫీసు దగ్గర బస్సు దిగింది.

లోపల పొడుగాటి హాలు, వరసగా ఇనుప కుర్చీలు, గోడకి ఎర్రంకెల పలక. టోకెను అరవై నాలుగు వచ్చింది. పలక మీద నలభై ఒకటి నడుస్తోంది. కూర్చుంది, లేచింది, నీళ్ళు తాగింది, గోడ మీద కాయితాలన్నీ చదివింది, మళ్ళీ కూర్చుంది. పక్కనున్న ఆవిడ, "మీరు కాస్త కదలకుండా ఉంటే బెంచీ ఊగదమ్మా" అంది. అరవై రెండు పడగానే టోకెను చెత్తబుట్టలో వేసి ఇంటికొచ్చేసింది.

గురువారం మళ్ళీ వెళ్ళింది. ఈసారి టోకెను పద్దెనిమిది. పారిపోవడానికి వ్యవధి లేకపోయింది.

నాలుగో కౌంటరులో యాభై అయిదు దాటిన గుమాస్తా ఒకాయన ఎడం చెంప అరచేతిలో ఆనించుకుని కూర్చున్నాడు. మొహం నిండా చిరాకు.

"చెప్పండి."

"తొమ్మిదేళ్ళు" అంది.

"తొమ్మిదేళ్ళు ఏమిటి?"

"వేయలేదండి."

అరుస్తాడనుకుంది. హాలంతా వెనక్కి తిరిగి చూస్తుందనుకుంది. గుమాస్తా కింది సొరుగు లాగి ఒక ఫారం తీశాడు. "తొమ్మిది సంవత్సరాలు" అని పైన రాసుకుంటూ, పైకి పలికాడు. ఆ 'స' సన్నగా ఈల వేసింది.

పళ్ళక్క ఆయన నోటి వంక చూసింది. ముందు పళ్ళు రెండూ కొంచెం ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టింది. తిన్నగా పేర్చడం ఎవరైనా చేస్తారు. అలా వంకరగా, సహజంగా ఎక్కించడానికి ఆవిడకి ఒక రోజంతా పట్టింది. 'నా పాత పళ్ళలాగే ఉండాలి' అని రోగి కోరినట్టు డాక్టరమ్మ చీటీ రాసింది. ఇన్నేళ్ళలో ఆవిడ చూసిందంతా ప్లాస్టరు దవడలే. తను చేసిన పళ్ళు ఒక మనిషి నోట్లో ఉండి మాట్లాడుతుంటే వినడం ఇదే మొదలు.

"మేం రాసిన ఉత్తరాలు అందాయా?" అని ఆయన అడుగుతున్నాడు.

"కవర్లు వచ్చాయండి. తెరవలేదు."

"తెరవండి. అన్నీ పట్టుకురండి. ఏ ఏడు ఏం వచ్చింది, ఏం ఖర్చయింది, ఈ ఫారంలో విడివిడిగా రాయండి. కింద సాక్షిగా మీ ఆయన సంతకం కూడా ఉండాలి. ఆరు వారాలు గడువిస్తున్నాను. మీ అంతట మీరొచ్చారు గనక జరిమానా కొంత తగ్గుతుంది. వాయిదాలకి వేరే అర్జీ ఉంది."

పళ్ళక్క గొంతు సవరించుకుంది. "ఒక్క సందేహమండి. యంత్రానికి రసీదు లేకపోతే?"

"లేదని రాయండి."

"అంతేనా?"

"సుమారు ధర వేసి, పక్కన సంతకం పెట్టండి. అంతే."

ఆవిడ కౌంటరు చెక్క గట్టిగా పట్టుకుంది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. ఈలోగా గుమాస్తా మళ్ళీ చెంప నొక్కుకున్నాడు.

"మీ కింది సెట్టు ఎడమ పక్క, బాగా లోపల, ఒరుసుకుంటోంది కదండీ?" అంది.

ఆయన ఠక్కున చెయ్యి తీసేశాడు. "మీకెవరు చెప్పారు?"

"చేసింది నేనే."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "చూడమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు.

"లేదండి. నేను అందుకు చెప్పలేదు."

"ఫారం ఫారమే. జరిమానా జరిమానాయే."

"అలాగేనండి."

ఆయన కాయితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. "ఇంతకీ దానికేం చేయాలంటారు?" అన్నాడు.

"డాక్టరమ్మ దగ్గరికెళ్ళండి. ఎడమ పక్క చివర బియ్యపుగింజంత అరగదీయమనండి. మీరు మాత్రం ఇంట్లో ఆకురాయి పెట్టి గీకకండి, సెట్టు పాడవుతుంది."

గుమాస్తా మొహం ఎర్రబడింది. అప్పటికే ఒకసారి గీకినట్టున్నాడు.

ఇంటికొచ్చి గోనెసంచులు తీసి కవర్లు చించింది. లోపల పులులేమీ లేవు. దాదాపు అన్నిట్లోనూ ఒకటే మాట: మీ రిటర్న్ మాకు అందలేదు. ఒకదాంట్లో చిరునామా సరిచూసుకోమన్నారు. చివరి రెండిట్లో మాత్రం, మీరు చెప్పకపోతే మేమే లెక్క కడతామని ఉంది. అన్నీ చదివి దొంతర పెట్టేసరికి మధ్యాహ్నం రెండయింది. మొగుడు మొదటి డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళ.

డ్రైవరు వేళ తప్పే మనిషి కాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో బస్సు ఒక్కనాడూ ముందు తీయలేదు, వెనక తీయలేదు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటుండగా ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది.

"ఒక సంతకం కావాలి."

"దేనికి?"

చెప్పింది. ఎక్కడా ఆగకుండా, ఒకే ఊపిరిన చెప్పేసింది. చెంబు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"పోయినేడు అడిగితే వేసేశానన్నావుగా?"

"వేయలేదండి."

"అంతకుముందేడు?"

"వేయలేదు."

ఆయన ఒక్కో ఏడూ అడిగాడు. ప్రతిసారీ ఆ రోజు ఎక్కడున్నారో, ఏం చేస్తుండగా అడిగాడో గుర్తుచేసి మరీ అడిగాడు. "మా బాబాయి పోయిన ఏడు? ఆసుపత్రి వరండాలో అడిగాను. అప్పుడూనా?"

"అప్పుడూ అంతేనండి."

"డబ్బు పోతే పోనీ" అన్నాడు చివరికి. "నేను నిన్ను నమ్మి అడిగాను. తొమ్మిదిసార్లు."

చెంబు గట్టు మీద పెట్టి, తడికాళ్ళతోనే బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు. కావలసినదేదైనా తల్లితో చెప్పేవాడు. "అమ్మా, ఆవిణ్ణి నా చొక్కా ఎక్కడుందో చెప్పమను." అత్తగారు ఒకరోజు చూసింది, రెండ్రోజులు చూసింది. "మధ్యన నేనేమన్నా టెలిఫోనునట్రా?" అని కేకలేసింది. కోడలి దగ్గరికొచ్చి, "ఏం చేశావే?" అంది.

"అబద్ధమాడాను అత్తయ్యా."

"పెద్దదా?"

"చిన్నదే. ఏటేటా ఆడాను."

అత్తగారు కూరగాయల పళ్ళెం ముందుకు లాక్కుని, "ఆ కత్తి ఇటియ్యి" అంది.

ఇక అసలు చిక్కు వచ్చిపడింది. తొమ్మిదేళ్ళలో ఎంత సంపాదించిందో రాయాలంటే చీటీలేవీ? ముగ్గురు డాక్టర్లలో ఒకాయన మందులషాపు చిట్టా వెనక రాసిచ్చేవాడు, ఇంకొకాయన నోటిమాటే. ఆ చీటీల్లో సగం మైనం అంటుకుని పొయ్యిలోకి పోయాయి. కానీ కాయితం దాచడం చేతగాని పళ్ళక్క, దవడలు మాత్రం ఒక్కటీ పారేయలేదు. సెట్టు విరిగి రోగి మళ్ళీ వస్తే పాత అచ్చు పనికొస్తుందని ల్యాబులో నేర్పిన అలవాటు. ప్రతి దవడ అడుగునా తడి ఆరకముందే మేకుతో తేదీ, డాక్టరు గుర్తు గీసి ఉంచేది. వెనకగది గోడలన్నీ దవడలే. అటకమీద దవడలే. మంచాల కింద దవడలే. "ఇల్లు నిండా నోళ్ళే, పలకరించేది ఒక్కటీ లేదు" అని అత్తగారు ఎన్నిసార్లందో.

ఆవిడ అన్నీ దించి నేలమీద పరిచింది. రెండువేల పైచిలుకు తెల్లటి దవడలు. మొదటిదాన్ని తిరగేసి తేదీ చదివింది, లేచి బల్ల దగ్గరికి వెళ్ళి పుస్తకంలో రాసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈ లెక్కన ఆరు వారాలు కాదు, ఆరు నెలలు పట్టేట్టుంది.

నాలుగోనాడు మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. డ్రైవరు చెప్పులు బయట విప్పి, దవడల మధ్య కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ లోపలికొచ్చి, గోడకానుకుని కూర్చున్నాడు. ఒక దవడ తీసి తిరగేశాడు.

"మార్చి పదకొండు. పె-డా. అంటే?"

"పెద్ద డాక్టరమ్మ" అంది.

"రాసుకో మరి."

అంతే. ఆ మాటతో ఇద్దరూ పనిలో పడ్డారు. రోజూ రెండింటికి వచ్చి, తిని, అయిదు దాకా చదివేవాడు. ఆవిడ రాసేది. ఒకసారి చిన్న దవడ ఒకటి తీసి, "ఇది పిల్లాడిదా?" అన్నాడు. "కాదు, ఒక సన్నపాటి మాస్టారిది. ఇంత నోట్లోంచి అంత గొంతు ఎలా వచ్చేదో అని డాక్టరమ్మ అనేది." ఆయన నవ్వాడు. నవ్వి, నవ్వినందుకు మొహం బిగించుకుని, ఇంకో దవడ తీశాడు.

రెండు వారాల్లో నాలుగేళ్ళవి తేలాయి. పళ్ళక్క తీసుకున్న సొమ్ము వివరం అడగడానికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఎందుకో కూడా చెప్పేసింది. డాక్టరమ్మ, "మోటారు పాతదని చెప్పావే!" అని మాత్రం అని, తన పుస్తకంలోంచి నకలు తీయించి ఇచ్చింది.

ఆ నకలుతో పోల్చుకుంటే అంకెలు కలవలేదు. డాక్టరమ్మ లెక్కలో ఒక ఏడు మార్చినెలకి పద్నాలుగు సెట్లు, పళ్ళక్క పుస్తకంలో ఆరే. ఆగస్టులో మాత్రం పళ్ళక్క పుస్తకంలో ఇరవై ఒకటి, డాక్టరమ్మ లెక్కలో పదమూడే. పళ్ళక్కకి మళ్ళీ కాళ్ళు నిలవలేదు. గదిలో అటునించి ఇటు, ఇటునించి అటు తిరిగింది. తప్పు లెక్క పెడితే, ఇన్నేళ్ళు ఎగ్గొట్టి ఇప్పుడు మోసం కూడానా అంటారు. ఆగస్టు గుట్టలోంచి ఒక దవడ తీసి వెనక్కి తిప్పింది. మేకుగీత స్పష్టంగా ఉంది. నెల 8 కాదు, 3. ఇంకొకటి తీసింది. అదీ 3. వేరొకటి తీసింది. 7 అని పుస్తకంలో ఉన్నచోట దవడ మీద 1.

తను రాసింది ఆయన చదివిందే.

మరునాడు ఆవిడ రాస్తూ, ఓరగా ఆయన్నే చూసింది. ఆయన దవడని కిటికీ వైపు ఎత్తి, తల పక్కకి వాల్చి, బొటనవేలితో గీతలు తడిమి చూస్తున్నాడు. తడిమాకే చెబుతున్నాడు.

పెన్ను ఆగిపోయింది. ఆవిడ లేచి, ఒక దవడ తీసుకుని, ఆయనకి నాలుగడుగుల దూరంలో పట్టుకుంది.

"ఇదెంత?"

"ఏమిటిది, పరీక్షా? గీతలు సరిగ్గా లేవు."

"ఇదెంతండీ?"

ఆయన చూశాడు. కళ్ళు చికిలించాడు. తర్వాత నేల వంక చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది పళ్ళక్క. గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

"ఎడంకన్ను రెండేళ్ళు. కుడిది ఈమధ్యే. పగలు బాగానే ఉంటుంది. రోడ్డు నాకు కొట్టిన పిండి, కళ్ళు మూసుకున్నా—"

"డిపోలో ఏటా కళ్ళ పరీక్ష చేస్తారుగా?"

"ఆ అట్ట మీద అక్షరాలు మార్చరు." ఆయన గోడవైపు చూస్తూ, ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. "ర, ట, మ, ప. కింద వరస న, ద, క, ల, య. ఆ కింద—"

"ఆపండి!"

పక్కగదిలోంచి అత్తగారు, "ఏమిటే?" అంది. పళ్ళక్క తలుపు దగ్గరగా వేసింది.

"మనుషులెక్కుతారండీ ఆ బస్సు. చంటిపిల్లల్తో ఎక్కుతారు."

"నాకు తెలియదా?" అన్నాడు. చేతిలో దవడ కింద పెట్టాడు, అది బోర్లా పడింది. దాన్ని తిన్నగా పెట్టాడు. "చెప్తే స్టీరింగు తీసేసుకుంటారు. నాకింకో పని రాదు. ఈ ఏడు గడిస్తే చూపించుకుందామని... పోయినేడూ అలాగే అనుకున్నాను."

ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. పెరట్లో తనని నిలబెట్టి తొమ్మిదేళ్ళూ ఒక్కొక్కటే అడిగాడే, ఆ మనిషేనా అనిపించింది. అదే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన భుజాలు కుంచించుకుని, దెబ్బకి సిద్ధమైనవాడిలా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఎలాంటిదో ఆవిడకి బాగా తెలుసు. మాట మింగేసింది.

"రేపు బస్సెక్కకండి" అంది.

"రేపొక్కరోజు వెళ్ళొచ్చి, ఎల్లుండి—"

"ఆ ఒక్కరోజు అనుకుంటూనే నేను ఇంత దూరం వచ్చాను. రేపే."

ఆయన పక్కనున్న దవడలు నాలుగు తీసి వరసలో పెట్టాడు. తర్వాత, "నువ్వొస్తావా?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ డిపోకి వెళ్ళారు. మేనేజరు గదిలో ఆయన చెప్పిందంతా తలుపు దగ్గర నిలబడి విన్నది. అట్ట సంగతి కూడా దాచలేదు. మేనేజరు మండిపడ్డాడు. రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాడు. ఆ పూటే స్టీరింగు దింపేశాడు. కళ్ళ డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని, ఎడంకంటిది బాగా ముదిరిందని, తీసేస్తే చూపొస్తుందని చెప్పాడు. నెలన్నర తేడాతో రెండు కళ్ళకీ ఆపరేషను చేశారు. అన్నాళ్ళూ డిపోలో టైరు లెక్కలు చూసే పని, సగం జీతం.

మిగిలిన దవడలు ఈలోపల అత్తగారు అందిస్తే పళ్ళక్కే చదువుకుని రాసుకుంది. నాలుగేళ్ళ లెక్కా మళ్ళీ మొదటినుంచి చేసింది. గడువుకి రెండు రోజుల ముందు, మొగుడి చేత సంతకాలు పెట్టించి, కట్ట పట్టుకుని నాలుగో కౌంటరు ముందు నిలబడింది. గుమాస్తా పేజీలు లెక్కపెట్టాడు. ఏడో ఏటి కాయితం మీద సంతకం మరిచిపోయిందని వేలు పెట్టి చూపించాడు. యంత్రం దగ్గర 'రసీదు లేదు' అన్నమాట చదివి, పేజీ తిప్పేశాడు. ముద్రలు వేసి, "సరిపోయింది, ఆరు సంవత్సరాలకి జరిమానా, మిగతావాటికి వడ్డీ మాత్రమే" అన్నాడు. ఈసారి 'స' ఈల వేయలేదు. మీ సెట్టెలా ఉందని ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కట్టాల్సిన మొత్తం ఆవిడ భయపడినంత లేదు, తేలిగ్గా తీర్చేంత తక్కువా కాదు. మొగుడి జీతం సగమైందని రాస్తే ముప్పై నెలల వాయిదాలు ఇచ్చారు. పెద్దాసుపత్రి పని మాత్రం చెయ్యిజారింది. వాళ్ళు ఆగలేక వేరే ల్యాబుకి ఇచ్చేశారు. "నాకు నువ్వుంటే బావుండేది" అంది డాక్టరమ్మ. పళ్ళక్క తల ఊపింది. ఆ రాత్రి పడుకుందే గానీ కాళ్ళు పక్కమీద నిలవలేదు. భయం పోయింది గానీ తిరగడం ఒంటికి అలవాటైపోయింది. ఇప్పుడు దేనికి తిరుగుతోందో తెలియక ఇంకా చిరాకేసేది.

ఆయన రెండో కంటికి ఆపరేషనైన నాలుగో నెలలో డిపోలో మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి కొత్త అట్ట. పళ్ళక్క కిటికీ కింద సిమెంటు చప్టా మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ వింటోంది. ఆయన గొంతు పై వరసలు గడగడా చదివింది. కింద వరసలో ఆగింది. ఆవిడా ఆగిపోయింది.

"ఇది తెలియడం లేదు సార్" అన్నాడు లోపల.

"పక్కది?"

"వ. దాని పక్కన గ. చివరిది... శ."

ఇంకేదో మాట్లాడుకున్నారు. కుర్చీ జరిగింది. ఆయన చేతిలో ఒక కాయితంతో బయటికొచ్చాడు.

"పగటి డ్యూటీలకి మాత్రం ఇచ్చారు. ఆరునెలలకొకసారి చూపించుకోవాలి."

"మరి సంజాయిషీ?"

"సర్వీసు పుస్తకంలో రాశారు. ఉంటుంది, పోదు." కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోతే పోనీ."

ఇంటికి ఊరి బస్సులోనే బయల్దేరారు, ప్రయాణికుల్లా, పక్కపక్కన. నడుపుతున్నవాడు కుర్రవాడు, దూకుడు మనిషి. మలుపు వచ్చినప్పుడల్లా, ఎదర ఎవరైనా అడ్డమొచ్చినప్పుడల్లా, డ్రైవరు కుడికాలు తనకు తెలియకుండానే ముందు సీటు కింది రేకుని గట్టిగా తొక్కేది. పళ్ళక్క రెండు స్టాపులు చూసింది. మూడో స్టాపులో నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

"ఏమిటి నవ్వుతున్నావు?" అన్నాడు.

"ఏం లేదు. వాడు బ్రేకు వేయడం లేదని మీరు వేస్తున్నారు."

ఆయన కాలి వంక చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు. ఎదర ఎర్రదీపం పడింది. కాలు మళ్ళీ వెళ్ళి రేకుని తొక్కింది.